సమాధానము అడుగుట, సమాధానము చెప్పుట: సంఘ ప్రార్థనలలోని ఒక మాటపై విమర్శనాత్మక పరిశీలన

మన తెలుగు సంఘములలో ఆదివారపు ఆరాధన గాని, శుక్రవారపు ఉపవాస ప్రార్థన గాని, ఇంటింట జరుగు కుటీర ప్రార్థన గాని ఒక విన్నపము లేకుండ ముగియుట అరుదు. సంఘములో ప్రేమ సమాధానములు దయచేయుమని దేవుని వేడుకొందుము. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరి, దుత్తలూరు, వింజమూరు, ఆత్మకూరు ప్రాంతపు పల్లె సంఘములలో ఈ విన్నపము మరింత ఆర్తితో వినబడును. వానలు తప్పిన ఏట పనుల కొరకు పలు కుటుంబములు ఊరు విడిచిపోవును. మిగిలిన కొద్ది ఇండ్లవారు ఒకరి ముఖము ఒకరు చూచుకొనుచు బ్రతుకవలెను. అట్టి చోట రెండు కుటుంబముల మధ్య మాటలు లేకపోయిన యెడల ఆ సంగతి ఆరాధనలో కూర్చుండు వరుసలలోనే కనబడును. కావున ఆ విన్నపము చేయువారి ఆర్తిని మేము శంకించుట లేదు.

అయినను ఒక ప్రశ్న మిగిలియున్నది. ఏండ్ల తరబడి ఈ విన్నపము చేయుచున్న సంఘములలోనే కలహములు ఏండ్ల తరబడి నిలిచియుండుటకు కారణమేమి? ప్రార్థన తక్కువైనదని కొందరందురు. విశ్వాసము తక్కువైనదని మరికొందరందురు. ఈ జవాబులు పూర్తిగా తప్పని మేము అనము. అయితే లోపము మరియొక చోట కూడ కలదని ఈ వ్యాసములో చూపదలచితిమి. మనము అడుగుచున్న సమాధానము అను మాటకు మన బైబిలులోనే ఉన్న అర్థములలో ఒక దానిని పట్టుకొని తక్కినవాటిని విడిచిపెట్టుచున్నాము. దాని వలన మన ప్రార్థన అనేక పర్యాయములు సమాధానమునకు త్రోవ తీయుటకు మారుగా దానిని తప్పించుకొను త్రోవ అగుచున్నది. ఇదియే మా వాదము.

1. ఒక మాట, మూడు అర్థములు

తెలుగు బైబిలు పాత అనువాదమును చదువు వారికి సమాధానము అను మాట మిక్కిలి పరిచితము. పౌలు పత్రికల ఆరంభములో కృపతో జతగా వచ్చునది ఈ మాటయే. గ్రీకులోని ఐరేనే అను మాటకు, దాని వెనుకనున్న హెబ్రీ షాలోము అను మాటకు అనువాదకులు పెక్కు చోట్ల దీనినే వాడిరి. రోమా 5:1, ఎఫెసీ 2:14, ఫిలిప్పీ 4:7, కొలస్సీ 3:15 ఇందుకు సాక్ష్యములు. యోహాను 14:27 వంటి కొన్ని చోట్ల శాంతి అను మాట వచ్చును. లేవీయకాండము 3వ అధ్యాయములోని బలికి సమాధానబలి అని పేరు. ఇది మొదటి అర్థము: క్షేమముతో కూడిన నెమ్మది.

రెండవ అర్థము సఖ్యత. మత్తయి 5:24లో బలిపీఠము నొద్ద అర్పణ విడిచి వెళ్లినవాడు సహోదరునితో చేయవలసిన పనిని తెలుగులో సమాధానపడుట అందుము. గ్రీకులో అచ్చట ఉన్నది ఐరేనేకు సంబంధించిన మాట కాదు. దియల్లస్సొమై అను వేరొక క్రియ. 2 కొరింథీ 5:18లో దేవుడు మనకు అప్పగించిన పరిచర్యను గూర్చి పౌలు వాడిన కతల్లగే అను మాటయు వేరొకటియే. తెలుగులో మాత్రము అదియు సమాధానపరచు పరిచర్యయే అయినది.

మూడవ అర్థము జవాబు. మన నిరీక్షణకు హేతువు అడుగువానికి మనము ఇయ్యవలసిన దానిని 1 పేతురు 3:15లో మన అనువాదకులు సమాధానము చెప్పుట అనిరి. గ్రీకు మూలములో అది అపొలొగియ. నేడు బడిలో, కార్యాలయములో, కోర్టులో సమాధానము అనగా ముందుగా స్ఫురించునది ఈ అర్థమే. బయటివాడు మన ఆరాధనకు వచ్చి, సమాధానము దయచేయుమను ప్రార్థన వినిన యెడల, వీరు ఏ ప్రశ్నకు జవాబు అడుగుచున్నారో అని తలంచిన తలంచవచ్చును. ఆ అపార్థములో కొంత నిజమున్నదని మా అభిప్రాయము.

ఇచ్చట వేదాంత విద్యార్థులకు ఒక హెచ్చరిక అవసరము. మూడు గ్రీకు మాటలకు తెలుగులో ఒకే మాట వాడబడినంత మాత్రమున ఆ మూడు గ్రీకు మాటల అర్థము ఒకటే యగునని వాదింపరాదు. ఒక మాట ధాతువును పట్టుకొని దానిపై సిద్ధాంతమును కట్టుట ఎంత ప్రమాదకరమో 1961లో జేమ్స్ బార్ బైబిలు భాషను గూర్చి వ్రాసిన గ్రంథములో గట్టిగా చూపెను. కావున మేము అనువాదమును ఆధారముగా తీసికొనుట లేదు. నెమ్మది, సఖ్యత, జవాబు అను ఈ మూడును వాక్యభాగములలోనే ఒక దానితో నొకటి ముడిపడి యున్నవా అని పరిశీలించుచున్నాము. ముడిపడి యున్న యెడల, మన తెలుగు మాట ఆ ముడిని చెవికి వినిపించు ఒక మేలైన సాధనము మాత్రమే.

మత్తయి 5:23, 24 వచనములను శ్రద్ధగా చదువుడి. అర్పణ తెచ్చినవానికి తన సహోదరునిపై కోపమున్నదని ప్రభువు అనలేదు. ఆ సహోదరునికే ఇతనిపై ఏదో ఫిర్యాదు కలదనెను. అనగా ప్రశ్న అవతలివాని యొద్ద నున్నది. జవాబు చెప్పవలసినవాడు బలిపీఠము నొద్ద నిలిచియున్నాడు. అతడు తన హృదయములో ఎంత నెమ్మది కలిగియున్నను సరిపోదు. లేచి వెళ్లవలెను. వెళ్లుట మొదటిది, అర్పించుట తరువాతది.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయమును కూడ చూడుడి. గ్రీకు భాష మాటలాడు విధవరాండ్రు అనుదిన పరిచర్యలో ఉపేక్షింపబడిరని సణుగుడు పుట్టెను. అపొస్తలులు ఆ సణుగుడును అవిధేయత యని గద్దింపలేదు. అందరిని పిలిపించి, ఆ ఫిర్యాదుకు తగిన యేర్పాటు చేసిరి. ఏర్పరచబడిన ఏడుగురి పేర్లును గ్రీకు పేర్లే. అనగా ఫిర్యాదు చేసినవారి పక్షమువారి చేతికే పంపిణీ అప్పగింపబడినట్లు తోచుచున్నది. ఆరవ వచనములో అపొస్తలులు ప్రార్థన చేసి వారిమీద చేతులుంచిరి. ప్రార్థన అచ్చట కలదు. అది జవాబును ముద్రించుటకు వచ్చెను, జవాబును మూసివేయుటకు రాలేదు. ఏడవ వచనములో వాక్యము ప్రబలెనని లూకా వెంటనే వ్రాయుట గమనింపదగినది.

2. మన విన్నపములలోని మూడు అలవాట్లు

ఈ వెలుగులో మన ప్రార్థనలను పరీక్షించిన యెడల మూడు అలవాట్లు కనబడుచున్నవి. ఇవి ఒక్క ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములకే చెందినవి కావు. అయితే చిన్న సంఘములో ఇవి తేటగా తెలియును.

మొదటిది, విషయము లేని విన్నపము. సాతాను సంఘములో ప్రవేశించెను, ప్రభువా వాని క్రియలను లయపరచుము అని ప్రార్థింతుము. ఏమి జరిగినదో చెప్పము. మందిరపు లెక్కలు అడిగినందుకు ఒక పెద్దను కమిటీ నుండి తీసివేసియుందురు. ఒక యింటి పెండ్లికి మరియొక యింటివారిని పిలువకపోయియుందురు. స్థలము సరిహద్దు దగ్గర ఇద్దరు అన్నదమ్ములు తగవులాడియుందురు. ఇవన్నియు సాతాను అను ఒక్క పేరు క్రిందికి పోవును. సాతాను క్రియలను మేము కాదనుట లేదు. కాని ఆ మాట వాడబడిన తరువాత ఎవరును ఎవరికిని జవాబు చెప్పనక్కరలేని స్థితి ఏర్పడుచున్నది. పౌలు అట్లు చేయలేదు. ఫిలిప్పీ 4:2లో యువొదియ, సుంటుకే అను ఇద్దరు స్త్రీలను పేరు పెట్టి బ్రతిమాలెను. ఒక్కొక్కరిని వేరువేరుగా బ్రతిమాలెను. వారు సువార్త పనిలో తనతో ప్రయాసపడిరని ఘనముగా చెప్పి, వారికి సహాయము చేయుమని మరియొకని కోరెను. మనము దుఃఖములో తలంచుకొను దేవుని సమాధానమును గూర్చిన ఏడవ వచనము ఆ ఇద్దరు స్త్రీల ప్రస్తావన జరిగిన కొద్ది మాటలకే వచ్చుచున్నది. ఆ వాగ్దానమును ఆ తగవు నుండి విడదీసి గోడ క్యాలెండరు మీద అచ్చు వేసికొనినది మనమే.

రెండవది, ప్రసంగముగా మారిన ప్రార్థన. అందరు కన్నులు మూసికొని యుండగా, ఒకరు దేవునితో మాటలాడుచున్నట్లు ఎదుటివానిని గద్దించుట మన సంఘములలో తెలియని విషయము కాదు. కొందరి హృదయములు కఠినమైనవి ప్రభువా, కానుకలు ఇయ్యనివారు కూడ పెత్తనము చేయుచున్నారు ప్రభువా అని వినబడును. ఎవరిని గూర్చియో అందరికిని తెలియును. ఆ వ్యక్తి లేచి జవాబు చెప్పలేడు. ప్రార్థనకు ఎదురు మాటలాడినవాడను నింద వచ్చును. పైగా చివర ఆమేన్ అనవలసి వచ్చును. ఒకరికి మాటలాడు హక్కును, మరియొకరికి ఆమేన్ అను బాధ్యతను మాత్రమే ఇచ్చు ప్రార్థన సమాధానమును కలిగింపజాలదు. ప్రార్థన మనవులు పంచుకొను పేరుతో ఇతరుల యింటి సంగతులు ప్రచారమగుటయు ఈ కోవలోనిదే.

మూడవది, ప్రశ్నను ఆపు ప్రార్థన. కమిటీ కూటములో ఒకరు లెక్క అడుగుదురు. గది వేడెక్కును. అప్పుడు పెద్దలలో ఒకరు, ఈ సంగతిని ప్రార్థనలో పెట్టుదము అందురు. ప్రార్థన జరుగును, కూటము ముగియును, లెక్క చెప్పబడదు. తరువాతి నెలలో అదే ప్రశ్న మరల అడిగినవాడు సమాధానము చెడగొట్టువాడగును. యాకోబు 2:15, 16 వచనములలో వస్త్రములు లేనివానిని సమాధానముగా వెళ్లుమని చెప్పి ఉత్తచేతులతో పంపువానిని అపొస్తలుడు ఖండించెను. జవాబు కొరకు ఆకలిగొనినవానిని ప్రార్థనతో సాగనంపుట దీనికి భిన్నమైనదా? ఇల్లు అలకగానే పండుగ కాదని మన పెద్దలందురు. ప్రార్థన ఇల్లు అలుకుట వంటిది. అది లేకుండ పండుగ రాదు. అదియే పండుగ అనుకొనరాదు.

మత్తయి 18వ అధ్యాయములో ఇద్దరు ముగ్గురు కూడు చోట ప్రభువు ఉండునను వాగ్దానమును కొద్దిమంది వచ్చిన ప్రతి కూటములో తలంచుకొందుము. అది తప్పు కాదు. కాని ఆ వాగ్దానము తప్పిదము చేసిన సహోదరుని యొద్దకు ఒంటరిగా వెళ్లుడి, తరువాత ఒకరిద్దరిని తోడు తీసికొని వెళ్లుడి, పిమ్మట సంఘమునకు తెలుపుడి అను క్రమమునకు ముగింపుగా చెప్పబడినది. హాజరు తక్కువైన కూటమునకు ఓదార్పుగా మనము వాడుకొను ఆ మాట, మొదట తగవు తీర్చుటకు నడిచిన ఇద్దరు ముగ్గురికి ఇయ్యబడిన ధైర్యము.

3. ఒంగోలు కొండ జ్ఞాపకమును పూర్తిగా చదువుట

ఈ ప్రాంతపు బాప్టిస్టు సంఘములు ప్రార్థనను గూర్చి మాటలాడునప్పుడు ఒంగోలు కొండను తలంచుకొనుట సహజము. ఆ చరిత్ర వీరి స్వంత చరిత్ర. 1840లో శామ్యూల్ డే నెల్లూరులో ఆరంభించిన అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషను నుండియే 1866లో ఒంగోలు కేంద్రమును, 1885లో ఉదయగిరి కేంద్రమును, 1893లో ఆత్మకూరు కేంద్రమును ఏర్పడినవి. 1854 జనవరి 1న తెల్లవారకముందు లైమన్ జూవెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తము ఐదుగురు, ఒంగోలులోని ఒక కొండ మీద మోకరించి ఆ ప్రాంతము కొరకు ప్రార్థించిరి. జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చెను. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో అచ్చట సంఘము స్థాపింపబడెను. కరువు పిమ్మట 1878 జులై 3న ఒక్క దినముననే 2,222 మంది గుండ్లకమ్మ నదిలో బాప్తిస్మము పొందిరి. ప్రార్థన, తరువాత కోత: ఈ వరుసలోనే మనము ఆ కథను చెప్పుకొందుము.

ఈ వరుస నిజమే గాని సంపూర్ణము కాదు. ఆ రెండింటి మధ్య ఒక ప్రశ్న వచ్చెను. దానికి సంఘము జవాబు చెప్పవలసి వచ్చెను. ఒంగోలు సేవ తొలినాళ్లలో అగ్రవర్ణములవారు కొందరు క్లౌ బోధను ఆదరముతో వినుచుండిరి. ఎర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ విశ్వాసుల ద్వారా పల్లెల నుండి ప్రజలు రాసాగినప్పుడు, వీరిని చేర్చుకొనిన యెడల మేము రాము అని పైకులములవారు తెలియజేసిరి. క్లౌ దంపతులు ప్రార్థించిరి. వేరువేరు గదులలో ఉండిన ఇద్దరికిని 1 కొరింథీ మొదటి అధ్యాయములో దేవుడు లోకములో బలహీనులైనవారిని ఏర్పరచుకొనెనను భాగమే కంటబడెనని క్లౌ తన జ్ఞాపకములలో చెప్పెను. వారు మాదిగలను చేర్చుకొనిరి. పైకులముల పిల్లలు బడి విడిచిపోయిరి.

ఇచ్చట మనము నేర్చుకొనవలసినది ఏమి? ఊరిలో నెమ్మదిగా, అందరితో మంచిగా ఉండుటయే సమాధానమైన యెడల, క్లౌ ఆ దినమున సమాధానమును పోగొట్టుకొనెను. ఎఫెసీ 2:14 చెప్పునట్లు నడుమ గోడను పడగొట్టుట సమాధానమైన యెడల, ఆ దినముననే అది ఒంగోలులో ఆరంభమాయెను. తలుపు దగ్గర నిలిచినవారు, మాకు చోటు కలదా అని అడుగుచుండిరి. ఆ ప్రశ్నకు వచ్చిన జవాబే సమాధానము. కొండ మీది ప్రార్థనను ఏటేట తలంచుకొను మనము ఈ జవాబును కూడ తలంచుకొనవలెను. లేని యెడల ప్రార్థన ఒక మంత్రముగాను, కోత దాని ఫలముగాను చదువుకొందుము.

ఆ జవాబు ఒక్క పర్యాయముతో ముగియలేదు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో దోర్నకలు నుండి వెళ్లిన వేదనాయకము సామ్యేలు అజరయ్య, మిషనరీల త్యాగమును కొనియాడి, తుదకు మాకు స్నేహితులు కావలెనని కోరెను. త్యాగమునకు కొదువ లేకపోయినను ఒకే బల్ల యొద్ద సమానులుగా కూర్చుండు చెలిమికి కొదువ యున్నదని ఆయన బహిరంగముగా చెప్పెను. సభలో కొందరు నొచ్చుకొనిరి. అయినను ఆ మాట నేటికిని తలంపబడుచున్నది. అది సమాధానమును చెరిపిన మాటయా? సమాధానము లేదని నిజము చెప్పిన మాట.

4. రాజీ వేరు, సమాధానము వేరు

పల్లెలో తగవు వచ్చిన యెడల పెద్దమనుషులు కూర్చుండి రాజీ కుదుర్తురు. ఈ ఏర్పాటులో మంచి లేకపోలేదు. కోర్టు ఖర్చుల నుండి బీదలను అది తప్పించును. కాని రాజీలో బలవంతుని మాటకు తూకమెక్కువ. బలహీనుడు ఇక ఈ ఊరిలో బ్రతుకవలెను గదా అని తల వంచును. దానిని సంఘములోనికి తెచ్చి దానికి సమాధానమని పేరు పెట్టిన యెడల యిర్మీయా 6:14లో ప్రవక్త నిందించినది మనకు తగులును. ప్రజల గాయమును పైపైన మాన్పి, లేని సమాధానమును ఉన్నదని ప్రకటించిన యాజకులను ఆయన నిందించెను. అది నివురు గప్పిన నిప్పు. యెషయా 32:17లో నీతి ముందు వచ్చును, సమాధానము దాని వెనుక వచ్చును.

భర్త చేత కొట్టబడుచున్న సహోదరి కాపరి యొద్దకు వచ్చిన యెడల, ఓర్చుకొనుము, ప్రార్థించుము, సమాధానముగా ఉండుము అని పంపివేయుట ఇంకను జరుగుచున్నది. అచ్చట జవాబు చెప్పవలసినవాడు భర్త. ప్రశ్నను అతని యొద్దకు తీసికొనిపోక, ఆమె యొద్దనే నిలిపి, ఆమెనే ఓర్చుకొనుమనుట వాక్యానుసారమైన సమాధానము కాదు. సమాధానపరచు పరిచర్యలో కాపరి మొదటి అడుగు దెబ్బతిన్నవారి భద్రత వైపు ఉండవలెను. అవసరమైన చోట చట్టము సహాయము తీసికొనుట అవిశ్వాసమగునని బోధింపరాదు. 1 కొరింథీ 6వ అధ్యాయములో పౌలు గద్దించినది లౌకిక వ్యాజ్యములలో ఒకనినొకడు అన్యాయపరచుకొను సహోదరులను. కొట్టబడినవారి నోరు మూయుటకు ఆ భాగమును వాడుట దానికి విరుద్ధము.

కులమును గూర్చి మాటలాడకుండ తెలుగు సంఘములో ప్రేమను గూర్చి వ్రాయుట సాధ్యము కాదు. మాలపల్లెకు ఒక మందిరము, మాదిగపల్లెకు ఒక మందిరము ఉన్న ఊళ్లు ఆంధ్ర దేశములో మనకు తెలిసినవే. ఎస్సీ వర్గీకరణ ఉద్యమము 1994లో ప్రకాశము జిల్లా ఈదుమూడిలో ఆరంభమైనప్పటి నుండి ఈ ప్రశ్న సంఘపు బల్లలలో కూడ కూర్చున్నది. వర్గీకరణ చట్టమును 2004లో సుప్రీం కోర్టు కొట్టివేసెను. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము రాష్ట్రములకు ఆ అధికారము కలదని తీర్పు ఇచ్చెను. ఆ రెండు దినములలోను ఒకే ప్రభువు బల్ల చుట్టును చేరువారిలో కొందరు సంతోషించిరి, కొందరు నొచ్చుకొనిరి. వర్గీకరణపై సంఘము ఏ పక్షము వహింపవలెనో చెప్పుట ఈ వ్యాసపు పని కాదు. కాని అందరును ఎరిగిన ఈ బాధను ప్రార్థనలో ఎన్నడును పలుకక, మా మధ్య భేదములు లేవు ప్రభువా అని చెప్పుకొనుట దేవుని యెదుట అబద్ధమాడుట యగును. ఒకని భయమును మరియొకడు కూర్చుండి వినుట, వినినదానిని తన ప్రార్థనలో తన నోట పలుకుట సమాధానమునకు మొదటి మెట్టు.

5. ఆది సంఘపు క్రమము, నేటి పల్లె సంఘము

ప్రార్థనను జవాబుతో ముడిపెట్టిన క్రమములు సంఘ చరిత్రలో కలవు. మొదటి శతాబ్దము చివర లేక రెండవ శతాబ్దము ఆరంభములోనిదని పండితులు తలంచు దిదాఖే 14వ అధ్యాయములో, పొరుగువానితో తగవున్నవారు సఖ్యపడువరకు ప్రభువు దినపు అర్పణలో చేరరాదను నియమము కలదు. మూడవ శతాబ్దపు సిరియా దేశపు దిదస్కాలియలో మరింత వివరమున్నది. తగవుల విచారణ సోమవారమున జరుపవలెనని అది బిషప్పులను ఆదేశించును. తీర్పునకు ఎవరైనను ఒప్పుకొనని యెడల శనివారము వరకు గడువు ఉండును. ఆదివారమునకు ఇద్దరును కలిసి ఆరాధనకు రాగలరు. ఆరాధనలో పరిచారకుడు, ఎవరికైనను తన పొరుగువానిపై ఏదైనను కలదా అని బిగ్గరగా అడుగుటయు అందు కలదు. ఎంత సామాన్యమైన జ్ఞానము! వారికి సమాధానము ఆదివారపు విన్నపమే కాదు, సోమవారము ఆరంభించు పని కూడ.

1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘము 1950లో తెచ్చిన ప్రభు భోజన ఆరాధన క్రమములో సమాధానమును ఒకరి చేతుల నుండి ఒకరి చేతులకు అందించు ఆచారమును ఉంచెను. సిరియను సంఘ సంప్రదాయము నుండి తీసికొనబడిన ఆ ఆచారము పిమ్మట ఇతర దేశముల సంఘములకును మాదిరి యాయెను. బాప్టిస్టులకు తమ స్వంత వారసత్వము కలదు. 19వ శతాబ్దపు అమెరికా బాప్టిస్టు సంఘములలో ప్రభు భోజనమునకు ముందు నిబంధన కూటము జరుగుచుండెను. సభ్యులు తమ ఆత్మీయ స్థితిని చెప్పుకొని, ఒకరితో ఒకరికి గల అభ్యంతరములను అచ్చట తీర్చుకొనుచుండిరి.

దుత్తలూరు వంటి చోట చిన్న సంఘమునకు ఇవి భారమగునా? కాదని మా తలంపు. సంస్కారపు ఆదివారమునకు ముందు సోమవారమున కాపరి, ఇద్దరు పెద్దలు, వారిలో ఒకరు స్త్రీ, ఒక గంట కూర్చుండవచ్చును. ఎవరికైనను సంఘముపై గాని, పెద్దలపై గాని, కాపరిపై గాని ప్రశ్న యున్న యెడల వచ్చి అడుగవచ్చునని ముందుగా ప్రకటింపవచ్చును. లెక్కలు అడిగిన యెడల పుస్తకము తీసి చూపవలెను. శనివారములోగా జవాబు ఇయ్యలేని దానికి ఎప్పుడు ఇయ్యగలరో చెప్పవలెను. అటు పిమ్మట ఆదివారమున చేయు విన్నపము, ప్రభువా, ఈ వారము మేము విన్న ఫిర్యాదులకు నిజముగా జవాబు చెప్పు ధైర్యము దయచేయుము అని యుండవచ్చును.

ఇందులో కష్టమైన భాగము కాపరిదే. తగవు తరచుగా కాపరికిని కమిటీకిని మధ్యనే ఉండును. అప్పుడు తీర్పరి ఎవరు? కొలస్సీ 3:15లో సమాధానము హృదయములలో ఏలవలెనని చెప్పు గ్రీకు క్రియ పోటీలో తీర్పు చెప్పువాని పనికి వాడబడునది. తాను పోటీలో నున్నవాడు తానే తీర్పరి కాలేడు. పొరుగు సంఘపు కాపరిని, ఉభయులకు నమ్మకమైన ఒక పెద్దను పిలుచుట అవమానము కాదు. ఫిలిప్పీలో పౌలు కోరిన సహకారి చేసిన పని అదియే.

6. ఒక ఆక్షేపణ

ఈ వాదమునకు గంభీరమైన ఆక్షేపణ ఒకటి కలదు. సమాధానము దేవుని వరము గదా. దానిని మనుష్యుల యేర్పాటుగా మార్చుచున్నారా, ప్రార్థనను కూటముల పట్టికతో కొలుచుచున్నారా అని అడుగువారుందురు. ఈ ఆక్షేపణను త్రోసివేయరాదు. కూటములు పెట్టి, లెక్కలు చూపి, క్షమాపణలు చెప్పించియు హృదయములు కలియని సంఘములు ఉన్నవి. మనుష్యుడు గోడను కూల్చినను ఆ చోట చెట్టు నాటి నీరు పోసి పెంచువాడు దేవుడే. ఆత్మ పని లేకుండ క్షమాపణ నోటి మాటగానే నిలుచును.

అయితే యాకోబు చరిత్ర ఈ రెండింటిని విడదీయనియ్యదు. ఆదికాండము 32వ అధ్యాయములో ఏశావు నాలుగు వందల మందితో వచ్చుచున్నాడని విని యాకోబు మిక్కిలి భయపడి ప్రార్థించెను. అది బైబిలులోని చక్కని ప్రార్థనలలో నొకటి. ప్రార్థించి అతడు కూర్చుండలేదు. తాను అన్నకు చేసిన నష్టమును ఎరిగినవాడై మందలను ముందు పంపెను. రాత్రియంతయు దేవునితో పెనుగులాడెను. తెల్లవారిన పిమ్మట కుంటుచు ఎదురు వెళ్లి ఏడు పర్యాయములు సాగిలపడెను. ఏశావు పరుగెత్తి వచ్చి అతని కౌగిలించుకొనెను. ఆ కౌగిలిని యాకోబు సంపాదించుకొనలేదు, అది వరమే. కాని అది అతడు నడిచి వెళ్లిన దారిలో అతనికి దొరకెను. ఏశావు ముఖమును చూచుట దేవుని ముఖము చూచినట్లున్నదని అతడు చెప్పుటలో, రాత్రి చేసిన ప్రార్థనకు జవాబు పగలు అన్న ముఖములో కనబడెనను గ్రహింపు కలదు.

సమాధానబలికి తక్కిన బలులలో కొన్నింటికి లేని విశేషమొకటి కలదు. లేవీయకాండము 7వ అధ్యాయము ప్రకారము దాని మాంసములో అర్పించినవానికిని పాలు కలదు. కృతజ్ఞతా బలియైన యెడల ఆ దినముననే దానిని తినవలెను, మరునాటికి మిగుల్చుకొనరాదు. ఒక్క యింటివారు ఒక్క దినములో తినజాలనంత భోజనము పొరుగువారిని పిలిపించును. సమాధానము బలిపీఠము నొద్ద ఆరంభమై పంక్తి భోజనములో ముగియుచుండెను. మన సంఘములలో ప్రేమ సమాధానముల కొరకైన విన్నపము నెరవేరినదో లేదో తెలిసికొనుటకు ఇదియే సులభమైన పరీక్ష: నిరుడు మాటలు మానిన రెండు కుటుంబములు ఈ ఏడు ఒకరి యింట ఒకరు అన్నము తినిరా? ఈ ప్రశ్నను వచ్చే ఆదివారము విన్నపము చేయకముందు ప్రతి కాపరియు, ప్రతి పెద్దయు తమలో తాము అడుగుకొందురు గాక.